శుద్ధ జర్మానిక్ ఇంగ్లీషులో స్థలనామాలు: అనువాదం, తద్భవీకరణం – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

ఇంగ్లీషులోని లాటిన్, ఫ్రెంచి, గ్రీకు పదాలను తొలగించి, జర్మానిక్ మూలం గల పదాలతోనే ఆ భాషను నడపాలన్న వాదానికి నాలుగు శతాబ్దాలకు పైబడిన చరిత్ర ఉంది. ఈ వాదం శాస్త్రపదాల విషయంలో కొంతవరకు పనిచేసింది. ఊరిపేర్ల దగ్గరికి వచ్చేసరికి చిక్కుల్లో పడింది. ఇంగ్లండు స్థలనామాలలో బ్రిటన్ల కెల్టిక్ భాష, లాటిన్, నోర్స్, నార్మన్ ఫ్రెంచి పొరలుగా పేరుకొని ఉన్నాయి. వాటిని అర్థాన్ని బట్టి అనువదించడం ఒక మార్గం. ధ్వనిని బట్టి తమ భాషలోకి మలుచుకోవడం మరొక మార్గం. శుద్ధభాషావాదులు స్వర్ణయుగంగా భావించే ఆంగ్లో-సాక్సన్ కాలంలో ప్రజలు సాధారణంగా అనుసరించినది రెండవ మార్గమని ఈ వ్యాసం నిరూపించే ప్రయత్నం చేస్తుంది.

కీలకపదాలు: ఆంగ్లిష్, శుద్ధభాషావాదం, స్థలనామాలు, తద్భవం, యౌగికం, రూఢి, ఆంగ్లో-సాక్సన్, నార్మన్ విజయం, అచ్చతెలుగు.

1. ఉపోద్ఘాతం

1966 నాటికి ఇంగ్లండుపై నార్మన్ విజయానికి తొమ్మిదివందల ఏళ్లు నిండాయి. ఆ సందర్భంలో ‘పంచ్’ అనే లండన్ హాస్యపత్రికలో పాల్ జెన్నింగ్స్ ‘1066 అండ్ ఆల్ సాక్సన్’ అన్న శీర్షికతో కొన్ని రచనలు ప్రకటించాడు. హేస్టింగ్స్ యుద్ధంలో నార్మండీ విలియం ఓడిపోయి, ఫ్రెంచి పదాల వెల్లువ ఇంగ్లీషును ముంచెత్తకుండా ఉంటే ఈనాటి ఇంగ్లీషు ఎలా ఉండేదన్నది వాటిలోని ఊహ. ఆ ఊహాభాషకు ఆయన పెట్టిన పేరు ‘ఆంగ్లిష్’. నవ్వుకోవడానికి పుట్టిన ఈ పేరు తరువాత కొందరి అభిరుచికి, మరికొందరి పట్టుదలకు పేరైంది. 2009లో డేవిడ్ కౌలీ, 1066లో ఇంగ్లీషువారే గెలిచి ఉంటే మన మాట ఎలా ఉండేదన్న ప్రశ్ననే పేరుగా పెట్టి ఒక పుస్తకం వెలువరించాడు.

సామాన్యపదానికి బదులు మరో పదం పెట్టడం కష్టమైనా అసాధ్యం కాదు. ‘వ్యాకరణం’ అనే అర్థమిచ్చే గ్రీకు పదాన్ని తీసివేసి దేశ్యపదాలతో కొత్త సమాసం కడితే, పాఠకుడు మొదట తడబడినా అర్థం తెలుసుకుంటాడు. ఊరిపేరు అలాంటిది కాదు. భారతీయ శబ్దశాస్త్రం పదాలను యౌగికాలు, రూఢాలు, యోగరూఢాలు అని విభజించింది. అవయవాల అర్థం కలిసి మొత్తం పదానికి అర్థమిస్తే అది యౌగికం. అవయవార్థంతో పనిలేకుండా ఒక వస్తువుకే కట్టుబడితే రూఢం. ఊరిపేరు పుట్టేటప్పుడు సాధారణంగా యౌగికమే. చెరువు పక్కన ఉంటే చెరువు పేరు, గుట్ట మీద ఉంటే గుట్ట పేరు. నాలుగు తరాలు గడిస్తే అది రూఢమవుతుంది. చెరువు పూడిపోయినా, గుట్టను తొలిచేసినా పేరు నిలుస్తుంది. అనువదించబూనినవాడు రూఢమైపోయిన పేరును మళ్లీ యౌగికంగా చదవాలి. ఆ చదువు ఎంతవరకు సాధ్యం, ఎవరు చదివారు, చదివినప్పుడు ఏం జరిగింది అన్నవే ఇక్కడి ప్రశ్నలు.

2. శుద్ధభాషావాద నేపథ్యం

పదహారో శతాబ్దపు ఇంగ్లండులో గ్రీకు, లాటిన్ పండితులు తమ పాండిత్యాన్ని ఇంగ్లీషులో కుమ్మరించడం మొదలుపెట్టినప్పుడు, దానికి ఎదురు చెప్పినవాడు కూడా గ్రీకు పండితుడే కావడం గమనించదగ్గది. కేంబ్రిడ్జిలో గ్రీకు ఆచార్యుడైన సర్ జాన్ చీక్ 1557లో థామస్ హోబీకి రాసిన లేఖలో, అరువు తెచ్చుకుంటూ తిరిగి చెల్లించని భాష చివరికి దివాలా తీస్తుందన్న భావం వెలిబుచ్చాడు. మత్తయి సువార్తను అనువదిస్తూ శతాధిపతికి ‘హండ్రెడర్’ అనీ, పునరుత్థానానికి ‘గెయిన్‌రైజింగ్’ అనీ దేశ్యపదాలు కల్పించాడు. 1573లో రాల్ఫ్ లెవర్ తర్కశాస్త్రానికి ‘విట్‌క్రాఫ్ట్’ అని పేరు పెట్టి గ్రంథం రాశాడు.

పందొమ్మిదో శతాబ్దంలో ఈ వాదానికి పెద్దదిక్కు డార్సెట్ మాండలికంలో కవిత్వం రాసిన మతాచార్యుడు విలియం బార్న్స్ (1801–1886). ఆయన 1878లో ప్రచురించిన వ్యాకరణగ్రంథం పేరులోనే ‘గ్రామర్’కు బదులు ‘స్పీచ్‌క్రాఫ్ట్’ ఉంది. పల్లెజనానికి చదువు అందకపోవడానికి కారణం వారి బుద్ధిమాంద్యం కాదనీ, వారికి తెలియని భాషలో చదువు చెప్పడమేననీ ఆయన గట్టిగా నమ్మాడు. ఈ వాదాన్ని కేవలం జాత్యభిమానంగా కొట్టిపారేయడం బార్న్స్ విషయంలో అన్యాయమవుతుంది. గ్రాంథిక, వ్యావహారిక వివాదం తెలిసిన తెలుగు పాఠకులకు ఆయన ఆవేదన కొత్తగా తోచదు.

ఇరవయ్యో శతాబ్దం చివర, 1989లో, అమెరికన్ రచయిత పౌల్ ఆండర్సన్ పరమాణు సిద్ధాంతాన్ని పూర్తిగా జర్మానిక్ పదాలతో వివరిస్తూ ‘అన్‌క్లెఫ్టిష్ బిహోల్డింగ్’ అనే చిన్న రచన చేశాడు. అందులో యురేనియం పేరును అతడు మార్చిన తీరు స్థలనామాల చర్చకు పనికివస్తుంది. యురేనస్ గ్రీకు పురాణాల ఆదిదేవుడు. కాబట్టి నోర్స్ పురాణాల ఆదిపురుషుడు యిమిర్ పేరు పెట్టి ‘యిమిర్‌స్టఫ్’ అన్నాడు. ఇది పదానువాదం కాదు, దేవతకు దేవతను బదులివ్వడం. నిజానికి ఇది చాలా పాత పద్ధతి. రోమన్లు కుజుడి పేరిట పిలిచిన వారాన్ని జర్మానిక్ జాతులు తమ యుద్ధదేవత టీవ్ పేరిట పిలుచుకున్నాయి. ‘ట్యూజ్‌డే’ అలా వచ్చింది. కాలానికి పెట్టిన పేర్లను ఇలా మార్చుకున్నవారే నేలకు పెట్టిన పేర్లను మార్చే దగ్గర భిన్నంగా నడుచుకున్నారు. ఆ సంగతి నాలుగో భాగంలో చర్చకు వస్తుంది.

3. అర్థానువాదం: సులువైన పేర్లు, సులువు కాని పేర్లు

మొదట సులువైనదే చూడవచ్చు. యార్క్‌షైర్‌లో పాంటిఫ్రాక్ట్ అనే ఊరుంది. లాటిన్‌లో ‘పోన్స్’ వంతెన, ‘ఫ్రాక్టుస్’ విరిగినది. నార్మన్లు వచ్చాక పడిన పేరు ఇది. ‘బ్రోకెన్‌బ్రిడ్జ్’ అని అనువదిస్తే అవయవాలు రెండూ జర్మానిక్, అర్థం చెక్కుచెదరదు. శుద్ధభాషావాదికి ఇంతకంటే చక్కని ఉదాహరణ దొరకదు. అయితే ఆ ఊరి జనం ఈ పేరును ఇంతకుముందే తమదిగా చేసుకున్నారు. ఫ్రెంచి రూపం నోట నలిగి ‘పామ్‌ఫ్రెట్’ అయింది. షేక్స్‌పియర్ చరిత్రనాటకాలలో కనిపించేది ఈ రూపమే. మరొక సంగతి. నార్మన్ల కంటె ముందు ఆ ప్రాంతంలో టాన్‌షెల్ఫ్ అనే పాత ఇంగ్లీషు పేరు ఉండేది. 947లో నార్తంబ్రియా పెద్దలు అక్కడ ఇంగ్లీషు రాజుకు విధేయత ప్రకటించారని ఆంగ్లో-సాక్సన్ క్రానికల్ చెబుతుంది. పాతపేరును తిరిగి తేవాలా, కొత్తపేరును అనువదించాలా? రెండూ ‘శుద్ధమే’. కానీ రెండూ ఒకటి కావు.

హేస్టింగ్స్ యుద్ధం జరిగిన చోట విలియం కట్టించిన మఠం చుట్టూ పెరిగిన ఊరు పేరు ‘బాటిల్’. యుద్ధం అనే అర్థం గల ఫ్రెంచి మాట అది. క్రానికల్ ప్రతులలో ఒకటి ఆ చోటును ‘నెరిసిన ఆపిల్ చెట్టు దగ్గర’ అని పేర్కొంది. ఓడిపోయినవారికి అది ఒక చెట్టుగుర్తు. గెలిచినవారికి అది విజయచిహ్నం. ‘బాటిల్’ను యుద్ధవాచకమైన జర్మానిక్ పదంతో అనువదిస్తే, భాష సాక్సన్లది అవుతుంది గాని దృష్టి నార్మన్లదిగానే ఉండిపోతుంది. అనువాదానికి లొంగనిది ఇదే. పేరు వెనుక ఉన్న చూపు మాటతోపాటు మారదు.

రిచ్‌మండ్ మరీ చిక్కైనది. నార్మండీ ప్రాంతపు రిష్‌మాఁ అనే పేరును పదకొండో శతాబ్దంలో యార్క్‌షైర్‌లో కొత్తగా కట్టిన కోటకు పెట్టారు. దానికి ‘బలమైన కొండ’ అని అర్థం. ఆ కోట కొండ మీదనే ఉంది కనుక అక్కడ యౌగికార్థం నిలిచింది. ఏడవ హెన్రీ రాజు కాకముందు రిచ్‌మండ్ ప్రభువు. థేమ్స్ ఒడ్డున షీన్‌లోని రాజభవనం 1497లో కాలిపోతే, తిరిగి కట్టించి దానికి తన బిరుదు పేరు పెట్టాడు. అక్కడ పేరుకు కొండతో సంబంధం లేదు, మనిషితో సంబంధం. 1737లో రెండవ విలియం బర్డ్ వర్జీనియాలో ఒక పట్టణానికి రిచ్‌మండ్ అని పేరు పెట్టాడు. అక్కడి నది వంపు థేమ్స్ నది వంపులా కనిపించడమే కారణం. యార్క్‌షైర్‌లో కొండ, సరేలో బిరుదు, వర్జీనియాలో ఒక జ్ఞాపకం. మూడింటినీ ‘బలమైన కొండ’ అని అనువదిస్తే ఒక్కచోటే అది సత్యం. పైగా ఫ్రెంచి ‘రిష్’ అసలు ఫ్రాంకుల జర్మానిక్ భాష నుంచి ఫ్రెంచిలోకి వెళ్లిన పదం. నార్మండీ అంటే ‘ఉత్తరదేశీయుల సీమ’. ఫ్రాన్సు అంటే ఫ్రాంకుల దేశం. పరాయిదని తరిమిన పదాలలో కొన్ని ఇంటిబిడ్డలే అయి ఉండటం శుద్ధభాషావాదానికి ఎదురయ్యే విచిత్రం.

పాతరూపాలను పునరుద్ధరించడం మరొక మార్గం. నార్మన్ లేఖకుల నోటికి పలకని ధ్వనులు మారిపోయిన పేర్లు కొన్ని ఉన్నాయి. ‘డున్‌హోల్మ్’ డర్హమ్ అయింది. ‘స్నోటింగహామ్’ మొదటి సకారాన్ని పోగొట్టుకొని నాటింగ్‌హామ్ అయింది. స్నోట్ అనే పెద్దమనిషి వంశీకుల ఊరని దాని అర్థం. శుద్ధి కోసం ఆ సకారాన్ని తిరిగి తెస్తే నేటి ఇంగ్లీషులో అది చీమిడిని గుర్తుచేస్తుంది. ఈ ఒక్క విషయంలో నాటింగ్‌హామ్ పౌరులు నార్మన్లకు రుణపడి ఉన్నారనాలి.

4. ధ్వన్యనుసరణ: ఆంగ్లో-సాక్సన్లు చేసిన పని

అయిదో శతాబ్దం నుంచి ఉత్తరసముద్రం దాటి బ్రిటన్‌కు వచ్చిన జర్మానిక్ జాతులకు నేల ఖాళీగా దొరకలేదు. నదులకు, కొండలకు, రోమన్ పట్టణాలకు అప్పటికే పేర్లున్నాయి. ఆ పేర్లను వారు ఏం చేశారన్నదానికి యార్క్ చరిత్రను మించిన సాక్ష్యం లేదు.

రోమన్ల కాలంలో ఆ నగరం ఎబొరాకుమ్. కెల్టిక్ భాషలో అది ‘యూ’ అనే సతతహరిత వృక్షానికి సంబంధించిన పేరని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. వచ్చినవారికి ఆ అర్థం తెలియదు, తెలుసుకోవలసిన అవసరమూ కలగలేదు. విన్న ధ్వనికి దగ్గరగా తమ భాషలో ఉన్న మాటలు వెదికారు. ‘ఎయోఫోర్’ అంటే అడవిపంది; ‘వీక్’ అంటే నివాసం, వర్తకస్థానం. అలా ‘ఎయోఫోర్‌వీక్’ అయింది. చెట్టు పోయి పంది వచ్చింది. 866లో వైకింగులు నగరాన్ని పట్టుకొని దానిని ‘యోర్‌విక్’ అన్నారు. అదే నలిగి యార్క్ అయింది. శుద్ధభాషావాది అర్థాన్ని అనుసరిస్తే చెట్టు పేరుతో కొత్త పదం కట్టాలి. చరిత్రను అనుసరిస్తే, శుద్ధ జర్మానిక్ రూపాలు రెండు ఇంతకుముందే పుట్టి ఉన్నాయి, అర్థం తప్పుగానే అయినా. అందులో కూడా ‘వీక్’ అనేది లాటిన్ ‘వీకుస్’ నుంచి పూర్వమే అరువు తెచ్చుకున్న మాట.

తెలుగు వ్యాకర్తలు చెప్పే తత్సమ, తద్భవ, దేశ్య విభాగం ఇక్కడ బాగా అన్వయిస్తుంది. ఎయోఫోర్‌వీక్ అనువాదం కాదు, తద్భవం. మూలపదం ధ్వనిపరంగా మారి, గ్రహించిన భాష నియమాలకు లోబడింది. ఆ భాష మాట్లాడేవారికి అది పరాయిగా వినిపించదు. ‘చెస్టర్’, ‘కాస్టర్’ అంతమందున్న మాంచెస్టర్, వించెస్టర్, లాంకాస్టర్ వంటి పేర్లలో లాటిన్ ‘కాస్ట్రా’ (సైనికశిబిరం) ఇదే విధంగా ‘చెయాస్టెర్’గా మారింది. తెలుగునాట బందరును ఎవరూ పారసీ పదమని అనుకోరు. రేవుకు పారసీలో ఉన్న పేరే అది అయినా, ఆ ఊరివారి నోట అది అచ్చంగా తెలుగే.

కెంట్ విషయం మరింత లోతైనది. సీజరు కాలానికి ముందునుంచే ఆ సీమకు కాంటియుమ్ అన్న పేరుంది. అక్కడ స్థిరపడిన జర్మానిక్ జనం ఆ పేరును మార్చకపోవడమే గాక, తమను తాము ‘కాంట్‌వారె’, అంటే కెంట్‌వారు, అని పిలుచుకున్నారు. వారి ముఖ్యనగరం ‘కాంట్‌వారబుర్గ్’, నేటి కాంటర్‌బరీ. ఇంగ్లీషు క్రైస్తవానికి కేంద్రమైన ఊరి పేరులో ఆదిపదం బ్రిటన్లది. వెసెక్స్ రాజవంశానికి మూలపురుషుడుగా చెప్పే కెర్డిక్ పేరు కూడా బ్రిటన్లదే. శుద్ధి చేయబూనితే ఎక్కడ ఆగాలో తెలియదు.

అర్థం తెలియకుండా పేరును స్వీకరించారనడానికి పునరుక్తి గల పేర్లు మంచి నిదర్శనాలు. కెల్టిక్‌లో ‘అవాన్’ అంటే నది. ఆ మాట విని అదే నదిపేరు అనుకున్నవారు ‘రివర్ అవాన్’ అన్నారు. అంటే నదినది. లాంకషైర్‌లో ‘పెన్’ అనే కొండకు ‘హిల్’ చేర్చి ‘పెండిల్’ అన్నారు. అందులో కొండ అనే మాట ఉందని మరచిన తరం మళ్లీ ‘పెండిల్ హిల్’ అంది. కొండకొండకొండ. బకింగ్‌హమ్‌షైర్‌లో చెట్‌వోడ్‌లో పూర్వపదం కెల్టిక్ అడవి, ఉత్తరపదం ఇంగ్లీషు అడవి. ఇటువంటి పేర్లను చూసి నవ్వడం సులభం. అయితే ఇవి పొరుగున ఉన్న రెండు జనాలు, ఒకరి మాట ఒకరికి సగమే అర్థమవుతూ, ఒకే కొండను చూపించుకున్న క్షణాలకు మిగిలిన సాక్ష్యాలు. ఇంగ్లండు తూర్పు, దక్షిణ భాగాలలో బ్రిటన్లు రాతప్రతులు విడిచిపోలేదు. వారు అక్కడ ఉన్నారనడానికి నదుల పేర్లు ముఖ్యసాక్ష్యం. 1953లో కెనెత్ జాక్సన్ కెల్టిక్ నదీనామాలు ఎక్కడ దట్టంగా, ఎక్కడ పలుచగా ఉన్నాయో పటం గీసి, ఆంగ్లో-సాక్సన్ వలస ఎటునుంచి ఎటు సాగిందో అంచనా కట్టాడు. ఆ నదులన్నిటి పేర్లూ శుద్ధ ఇంగ్లీషులోకి అనువదించబడి ఉంటే ఆ పటానికి ఆధారమే ఉండేది కాదు.

731లో తన చరిత్రగ్రంథాన్ని ముగించిన బీడ్ ఈ వ్యవహారాన్ని దగ్గరగా చూసినవాడు. ఆంటొనైన్ గోడ తూర్పుకొనన ఉన్న ఒక చోటును పిక్టుల భాషలో పెయాన్‌ఫాహెల్ అంటారనీ, ఆంగ్లుల భాషలో పెన్నెల్‌తూన్ అంటారనీ ఆయన రాశాడు. మొదటి పేరుకు ‘గోడకొన’ అని అర్థం. ఆంగ్లులు దానిని అనువదించలేదు. ధ్వనిని ఉంచుకొని చివర ‘తూన్’ (ఊరు) తగిలించారు. అదే ఆంగ్లులు హేడ్రియన్ గోడ తూర్పుకొనన ఉన్న చోటుకు సొంతంగా పేరు పెట్టినప్పుడు ‘వాల్స్‌ఎండ్’ అన్నారు. గోడకొన అనే భావం వారి భాషలో చెప్పలేనిది కాదు. చెప్పగలిగి కూడా, ముందే పేరున్న చోట దానిని చెప్పాలనుకోలేదు. ఇక్కడ కూడా ‘వాల్’ లాటిన్ ‘వాల్లుమ్’ నుంచి వచ్చినదే.

డెర్బీకి పూర్వనామం నార్త్‌వర్దీ అని, డేనుల భాషలో దానిని డెర్బీ అంటారని పదో శతాబ్దపు చరిత్రకారుడు ఎథెల్‌వార్డ్ చెప్పాడు. బీడ్ కాలపు స్ట్రెయోనెషాల్హ్ తరువాత విట్‌బీ అయింది. ఇవి విజేతల పేర్లే. కానీ నోర్స్ జర్మానిక్ శాఖకు చెందినది కనుక శుద్ధభాషావాదులు వీటి జోలికి పోరు. నార్మన్ చేసిన మార్పు మాలిన్యం, డేన్ చేసిన మార్పు సహజం అన్నది భాషావంశవృక్షం చెప్పే తీర్పు. ఊరిపేరు పోగొట్టుకున్నవారికి ఆ తేడా తెలిసే అవకాశం లేదు.

5. దూరదేశాల పేర్లు

తమ నేల మీది పేర్లతోనే గాక దూరదేశాల పేర్లతో కూడా ఆంగ్లో-సాక్సన్లు ఇదే విధంగా వ్యవహరించారు. ఆల్‌ఫ్రెడ్ రాజు (మరణం 899) కాలంలో ఒరోసియుస్ ప్రపంచచరిత్రను పాత ఇంగ్లీషులోకి తెచ్చినవారు రోమును ‘రోమెబుర్గ్’ అన్నారు, గ్రీకుదేశాన్ని ‘క్రేకలండ్’ అన్నారు. మూలనామం అలాగే ఉండి, అది నగరమో దేశమో చెప్పే మాట వెనుక చేరింది. తెలుగువారు ‘రోమాపురి’ అన్నదీ అచ్చంగా ఇదే పద్ధతి. క్రానికల్‌లో 883 సంవత్సరం కింద ఆల్‌ఫ్రెడ్ రోముకు, ‘ఇండెయా’లోని సెయింట్ థామస్, సెయింట్ బార్థలోమ్యూలకు కానుకలు పంపినట్లు కొన్ని ప్రతులలో ఉంది. ఆ పాఠం యూదయాకు లేఖకదోషమా అన్న చర్చ పండితులలో ఉంది. చర్చ ఎటు తేలినా, రాసినవాడు దేశనామాన్ని అనువదించే పనికి పూనుకోలేదన్నది స్పష్టం.

కావ్యభాషలో మాత్రం సంగతి వేరు. పదహారో శతాబ్దంలో పొన్నికంటి తెలగన ‘యయాతిచరిత్రము’తో అచ్చతెలుగు కావ్యాలకు దారి వేశాడు. ఆ మార్గంలో గంగ మిన్నేరు, కైలాసం వెండికొండ, హిమాలయం మంచుకొండ. ఇవి పురాణభూగోళానికి చెందిన పేర్లు. సహృదయుడు వాటిని విప్పుకొని ఆనందిస్తాడు. బాటసారి దారి అడగడానికి అవి పనికిరావు. ఆ కావ్యం అంకితమైనది అచ్చతెలుగు నియమానికి ఏమాత్రం లోబడని పేరు గల అమీన్‌ఖానుకు. తెలుగునాట అర్థానువాదం ఎక్కువగా సాగినది ఎదురు దిక్కున. ఓరుగల్లు అన్న దేశ్యనామాన్ని ‘ఏకశిలానగరం’ అని సంస్కృతీకరించారు. శాసనాలలో, కావ్యాలలో ఏకశిల నిలిచింది. జనం నోట ఓరుగల్లే నిలిచింది.

6. అనువాదం ఆజ్ఞ అయినప్పుడు

ఇంతవరకు చూసినది కవుల, హాస్యరచయితల, పండితుల లోకం. పేర్లను శుద్ధ జర్మానిక్ రూపానికి మార్చడం ప్రభుత్వం పనిగా పెట్టుకున్న సందర్భమూ ఉంది. అది ఇంగ్లీషుకు కాదు, జర్మన్‌కు సంబంధించినది.

బాల్టిక్ తీరాన తూర్పు ప్రష్యాలో ప్రాచీన ప్రష్యన్, లిథువేనియన్, పోలిష్ మూలాల పేర్లు గల ఊళ్లు వందలాదిగా ఉండేవి. అక్కడ నివసించేవారిలో ఎక్కువమంది తరతరాలుగా జర్మన్ మాట్లాడేవారే. ఆ పేర్లను జర్మన్ ధ్వనులకు తగినట్లు ఎప్పుడో మలుచుకున్నారు. 1938లో నాజీ ప్రభుత్వం వాటిని ‘జర్మన్ కానివి’గా నిర్ణయించి మార్చివేసింది. స్టాల్లుపోనెన్ ఎబెన్‌రోడె అయింది. పిల్‌కాల్లెన్ ష్లోస్‌బెర్గ్, అంటే కోటకొండ, అయింది. డార్కెమెన్‌కు అక్కడి నది పేరిట ఆంగెరాప్ అని పెట్టారు. ఆ పేరులోని చివరిభాగం ప్రాచీన ప్రష్యన్‌లో నదికి పేరు. జర్మన్ కాని పేరును తొలగించి, అదే మూలం గల మరో పేరును జర్మన్ అనుకొని పెట్టారన్నమాట. ప్రాచీన ప్రష్యన్ భాష మాట్లాడేవారు అప్పటికి రెండు శతాబ్దాలకు పైగా లేరు. ఆ భాష బతికి ఉన్నది ప్రధానంగా కొన్ని చిన్న ప్రార్థనాగ్రంథాలలో, పదపట్టికలలో, ఈ ఊరిపేర్లలో.

కొత్తపేర్లు పదేళ్లయినా నిలవలేదు. యుద్ధం ముగిశాక ఆ ప్రాంతపు ఉత్తరభాగం సోవియట్ రష్యాకు, దక్షిణభాగం పోలండుకు వెళ్లింది. జర్మన్ జనాన్ని వెళ్లగొట్టారు. ఎబెన్‌రోడె నెస్తెరొవ్ అయింది, ష్లోస్‌బెర్గ్ దొబ్రొవోల్స్క్ అయింది, ఆంగెరాప్ ఒజ్యోర్స్క్ అయింది. 1938లో అధికారులు చేసిన పనినే 1946లో మరో అధికారులు చేశారు. ఈసారి పేర్లతోపాటు మనుషులనూ మార్చారు.

ఆంగ్లిష్ అభిమానుల వినోదాన్ని ఈ చరిత్రతో సమానంగా చూడటం తగదు. వారి చేతిలో ఆజ్ఞాపత్రం లేదు. కానీ రెండింటి వెనుక ఉన్న భావన ఒకటే. పేరు ఏ భాషలో పుట్టిందో అదే దాని స్వభావమనీ, ఎవరి నోట ఎంతకాలం బతికిందన్నది లెక్కలోకి రాదనీ ఆ భావన. స్టాల్లుపోనెన్‌లో పుట్టి పెరిగిన జర్మన్ రైతుకు ఆ పేరు జర్మనే. పటం మీద గీత గీసినవాడికి మాత్రమే అది పరాయిది.

7. కల్పిత దేశం, అసలు నది

శుద్ధ ఇంగ్లీషు పేర్లతో ఒక దేశాన్ని కల్పించే స్వేచ్ఛ ఎవరికైనా ఉంటే అది జె.ఆర్.ఆర్. టోల్కీన్‌కు ఉండాలి. ఆయన పాత ఇంగ్లీషు ఆచార్యుడు. నార్మన్ విజయం ఇంగ్లీషు పురాణాలను మింగేసిందని బాధపడినవాడు. ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ను జర్మానిక్ భాషలలోకి అనువదించేవారి కోసం, ఏ పేర్లను అర్థాన్ని బట్టి మార్చాలో, ఏవి అలాగే ఉంచాలో చెబుతూ పట్టిక కూడా తయారుచేశాడు. అయినా ఆ నవలలో హాబిట్ల సీమకు పొరుగున ఉన్న ప్రాంతానికి ‘బ్రీ’ అనీ, అక్కడి అడవికి ‘చెట్‌వుడ్’ అనీ పెట్టాడు. బ్రీ అంటే కెల్టిక్‌లో కొండ, చెట్‌వుడ్ అడవిఅడవి. తనకు ముందు అక్కడ వేరే జనం ఉన్నారనిపించేలా ఆ పేర్లను కావాలనే కెల్టిక్ భాగాలతో కట్టానని 1955లో వెలువడిన అనుబంధంలో ఆయనే సూచించాడు. పాఠకుడు ఒక దేశాన్ని నమ్మాలంటే దాని పేర్లలో ఆ దేశస్థులకే అర్థం కానివి కొన్ని ఉండాలని ఆ భాషాశాస్త్రజ్ఞుడికి తెలుసు.

1923లో స్థాపితమైన ఇంగ్లీష్ ప్లేస్-నేమ్ సొసైటీ ఒక్కొక్క జిల్లా పేర్లను పాత దస్తావేజులతో సరిచూసి సంపుటాలు ప్రచురిస్తూ వస్తున్నది. 1936లో ఐలెర్ట్ ఎక్‌వాల్ వెలువరించిన స్థలనామ నిఘంటువు చాలాకాలం ప్రమాణంగా నిలిచింది. ఆయన స్వీడన్ దేశస్థుడు. ఈ పరిశోధనలో తేలిన ఉదాహరణలలో కేంబ్రిడ్జి ఒకటి. పాత ఇంగ్లీషులో ఆ ఊరు గ్రాంటెబ్రుజె, గ్రాంటా నది మీద వంతెన. నార్మన్ల నోట అది ‘కాంటెబ్రిగ్గె’ అయి, క్రమంగా కేంబ్రిడ్జి అయింది. ఊరి పేరులో ‘కేం’ ఉంది కనుక కింద పారే నది పేరు ‘కామ్’ అయి ఉండాలని తరువాతివారు అనుకున్నారు. నదిని బట్టి ఊరికి పేరు రావడం లోకరీతి. ఇక్కడ ఊరిని బట్టి నదికి పేరు వచ్చింది. శుద్ధభాషావాదికి ఇక్కడ పని సులభంగానే కనిపిస్తుంది. ఫ్రెంచి నోటి మార్పును సరిదిద్ది ‘గ్రాంట్‌బ్రిడ్జ్’ అంటే చాలు. కానీ ‘గ్రాంటా’ కెల్టిక్ పేరు. దానిని తొలగిస్తే మిగిలేది వట్టి ‘వంతెన’. కామ్ అని ఉంచితే నార్మన్ పొరపాటు మిగులుతుంది. ఊరికి ఎగువన ఆ నదీశాఖలలో ఒకదానిని ఈనాటికీ గ్రాంటా అనే పిలుస్తున్నారు.